చూన్యో బస్తాలో స్వెటర్

వాన పట్టిందంటే కొండల మీది మా ఊరు యానకోచలో మనుషులన్నవాళ్లంతా పొయ్యి దగ్గరికి జరుగుతారు. ఎలోడియా ఒక్కతే తల దూర్చి కప్పుకునే ఉన్ని పోంచో మెడలో వేసుకుని కొండెక్కుతుంది. నలభై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, మోకాళ్లు అప్పుడే పట్టేస్తున్నాయి. మంద కాసే వంతు ఆ రోజు ఆమెది కాకపోయినా, మొగుడు తను వెళ్తానన్నా వినదు. అల్పాకాలంటే ఆమెకు ప్రాణమని ఊళ్లో మెచ్చుకుంటారు. ప్రాణమూ లేదు, పాడూ లేదు. ఉన్ని కోసం పెంచే ఆ జంతువులంటే ఆమెకు చిన్నప్పటి నుంచీ చిరాకు. పొగరుగా మెడలెత్తి చూస్తాయి, కోపమొస్తే మొహాన ఉమ్ముతాయి. మా ఊరివాళ్లకు కళ్ల ముందున్నది కనబడదు గానీ, చూడనిది మాత్రం కథలు కథలుగా చెబుతారు.

ఆమె ఎందుకు వెళ్తుందో నాకు తెలుసు. ఒక మధ్యాహ్నం ఉన్ని వడుకుతూ తనే చెప్పింది. చెబుతున్నంతసేపూ కదురు మీద నుంచి కళ్లెత్తలేదు.

పదిహేనేళ్ల వయసులో ఎలోడియాకు రెండు విద్యలు బాగా వచ్చు. ఒకటి ఆడటం, రెండోది పని ఎగ్గొట్టడం. పావడా గొడుగులా విప్పారేట్టు తిరుగుతుందని కార్నివాల్ గుంపులో ఆమెను ముందు వరసలో నిలబెట్టేవారు. పని సంగతికొస్తే, కొండ మీద మబ్బు కమ్మితే చాలు, ఆమెకు కడుపులో నొప్పి లేచేది. కళ్లు సరిగా కనబడని నాయనమ్మ తొమాసా పాపం నమ్మి మూన్యా ఆకు మరిగించి ఇచ్చేది. తల్లి సెరఫీనా సగం నమ్మేది. ఎలోడియా కషాయం తాగి, దుప్పట్లో ముడుచుకుని, వాన వెలిశాక లేచేది.

ఆమె వదిలేసిన పనల్లా అన్న నికనోర్ మీద పడేది. నాలుగేళ్లు పెద్దవాడు. మాట తక్కువ, నవ్వు ఎక్కువ. వాడికి తల్లి గోధుమరంగు అల్పాకా ఉన్నితో ఒక స్వెటర్ అల్లింది. ఒక చేతి అంచుకి ఎర్ర నూలు చుట్టి రెండో చేతికి వచ్చేసరికి నూలు అయిపోయింది. సంతలో మళ్లీ ఆ ఎరుపు దొరకలేదు. అలాగే వేసుకు తిరిగేవాడు. ఒక చెయ్యి పెళ్లికీ ఒక చెయ్యి పనికీనా అని చిన్నాన్న పెళ్లాం ఫెలిపా ఎగతాళి చేసేది. ఫెలిపా నోట్లో నువ్వుగింజ నానదు, అయినా మనసులో ఏమీ ఉంచుకోని మనిషి.

ఆ ఫిబ్రవరిలో అల్పాకాలు ఈనుతున్నాయి. పుట్టిన పిల్ల తడి ఆరకముందే వడగళ్లు పడితే చచ్చిపోతుంది. అందుకని ఇంటికొకరు పైన ఉండాల్సిందే. ఒక పొద్దున వంతు ఎలోడియాది. తల్లి ఉన్ని అమ్మడానికి అబన్కాయ్ సంతకు వెళ్లింది. తండ్రి అక్విలీనో పెరట్లో విరిగిన నాగలి బాగుచేస్తున్నాడు. సాయంత్రం కార్నివాల్ ఆట సాధన ఉంది. కొండెక్కితే తడిసి ముద్దయి, చీకటి పడేవేళకు గానీ దిగదు. ఎలోడియా కడుపు చేత్తో పట్టుకుని పక్క మీద దొర్లింది.

నికనోర్ వచ్చి గుమ్మంలో నిలబడి చూశాడు. పెదవి చివర చిన్న నవ్వు కదిలింది. నటన రక్తికట్టాలని ఆమె పళ్లు కటకటలాడిస్తూ చలేస్తోందని కూడా అంది. వాడు ఒంటి మీది స్వెటర్ విప్పి ఆమె మీద కప్పి, మెడ దాకా లాగాడు. చొక్కా మీద పోంచో వేసుకుని వెళ్లిపోయాడు. పెరటి తలుపు దగ్గర తండ్రితో ఏదో అనడం, ఇద్దరూ నవ్వుకోవడం వినిపించింది. వాన చప్పుడులో మాటలు తెలియలేదు.

మధ్యాహ్నం వడగళ్లు మొదలయ్యాయి. ఆ తర్వాత మంచు. ఎలోడియా స్వెటర్ కింద వెచ్చగా పడుకుని వేయించిన మొక్కజొన్న గింజలు నములుతూ, తను వెళ్లకపోవడం ఎంత మంచిదైందో అనుకుంది. ఈ మాట చెప్పినప్పుడే ఆమె కదురు కాసేపు ఆగింది. వాడు పైన చచ్చిపోతున్న సమయానికి తను అనుకున్నది అది. సంతోషించింది.

మర్నాడు పొద్దున మగవాళ్లు వాడిని దుప్పటిలో వేసుకుని దించారు. కొండ మీద గద్దబండ అనే పెద్ద రాయి కింద ముడుచుకుని ఉన్నాడట. పోంచో తీసి, అప్పుడే పుట్టిన రెండు అల్పాకా పిల్లల మీద కప్పాడు. పిల్లలు బతికే ఉన్నాయి. వాడి ఒంటి మీద చొక్కా ఒక్కటే ఉంది.

వాళ్ల అడుగుల చప్పుడు వినబడగానే ఎలోడియా స్వెటర్ తీసుకుని వెనక గదిలోకి పరిగెత్తింది. అక్కడ చూన్యో బస్తాలు ఉంటాయి. దుంపల్ని మంచుకు ఆరబెట్టి, కాళ్లతో తొక్కి, ఎండలో ఎండిస్తే నల్లగా రాళ్లలా తయారవుతాయే, అవి. వాటి వాసన ఒకసారి బట్టకు పట్టిందంటే ఇక వదలదు. ఆమె ఒక బస్తా మూతి విప్పి, స్వెటర్‌ని అడుగుదాకా కూరి, మళ్లీ కట్టేసింది. ఎందుకలా చేసిందో ఆ నిమిషాన ఆమెకే తెలియదు. చేతులు చేసేశాయి.

మాలో మనిషి పోయిన ఐదో రోజున వాళ్ల బట్టలన్నీ ఏట్లో ఉతుకుతారు. రక్తం పంచుకున్నవాళ్లు నీళ్లలో చెయ్యి పెట్టకూడదు. వాళ్లు గట్టు మీద కూర్చుని చూడాలి. ఉతకాల్సింది ఇంటి కోడళ్లు, అల్లుళ్లు. పోయినవాడి ఒంటిని తాకిన గుడ్డ ఒక్కటి కూడా మిగలకూడదు. మురికి గుడ్డ ఒక్కటి మిగిలినా దాని కోసం వెనక్కి తిరుగుతాడు, దారి పట్టడు. ఉతికినవాటిని గడ్డి మీద మనిషి పడుకున్నట్టు పరిచి ఆరబెడతారు. టోపీ పైన, చొక్కా కింద, ప్యాంటు, టైరు చెప్పులు.

నికనోర్ బట్టలు ఉతికింది ఫెలిపా, మరో ఇద్దరు కోడళ్లు. మొదట్లో ఆనవాయితీ ప్రకారం జోకులు నడిచాయి. వీడి ప్యాంటు మోకాళ్ల దగ్గరే చిరిగింది, ఏ పిల్లకు మోకరిల్లాడో అంది ఫెలిపా. గట్టు మీద తల్లి కూడా ఏడుస్తూనే నవ్వింది. బట్టలు పరుస్తూ పరుస్తూ ఫెలిపా ఆగిపోయింది.

"స్వెటర్ ఏదీ? ఎర్ర చెయ్యిది?"

మోసుకొచ్చిన మగవాళ్లు తమకు కనబడలేదన్నారు. మందలో ఒక పిల్ల తక్కువైందని, వాడు దానికి స్వెటర్ చుట్టి ఉంటాడని, అది ఏ లోయలోనో పడి ఉంటుందని ఒకడు అన్నాడు. అవునవునని అందరూ తలలూపారు. వాడి గుణం తెలిసినవాళ్లకు అది నిజమే అనిపించింది. తండ్రి లేచి నిలబడి, వెతికి తెస్తానన్నాడు.

ఎలోడియా అక్కడే కూర్చుని ఉంది. స్వెటర్ మా వెనక గదిలో ఉంది అనే ఒక్క మాట చాలు. ఫెలిపా తిట్టేది, తల్లి నెత్తి కొట్టుకునేది, అక్కడితో అయిపోయేది. కానీ ఆ మాట వెనకాలే ఇంకోటి వస్తుంది. అది నీ దగ్గరికెలా వచ్చింది? దాని వెనక మరొకటి. నీ వంతుకి వాడెందుకు వెళ్లాడు? గడ్డి పోచలు పీకుతూ కూర్చుంది.

ఆ రోజు పొద్దుగూకాక గడపలో బూడిద చల్లారు. పోయినవాడు వచ్చి వెళ్తే అడుగు పడుతుంది. తెల్లారి చూస్తే బూడిద చల్లింది చల్లినట్టే ఉంది. నాయనమ్మ వంగి, వేళ్లతో తడిమి చూసి, నెమ్మదిగా లేచింది.

"పిల్లోడు ఇంకా ఎళ్లలేదే. చలికి స్వెటర్ ఎతుక్కుంటా తిరుగుతున్నాడు పైన."

ఆ మాట ఎలోడియా ఒంట్లో దిగబడిపోయింది. బతికుండగా వాడిని ఒకసారి చలికి వదిలేసింది. ఇప్పుడు చచ్చాక కూడా వదిలేసింది. మొదటిది తెలియక జరిగిందని సర్దిచెప్పుకోవచ్చు. రెండోది రోజూ తెలిసే చేస్తోంది.

అక్విలీనో కొండకు వెళ్లడం అలా మొదలైంది. పని లేని రోజు వెళ్లేవాడు, తర్వాత పని ఉన్న రోజు కూడా వెళ్లాడు. దుంప చేలో కలుపు మొక్క మోకాలెత్తు లేచింది. మట్టి ఎగదోసేవాడు లేక దుంపలు ఎండకు పచ్చబారాయి. ఆయన లోయల్లోకి దిగి, గద్దలు తిని వదిలేసిన ఎముకల మధ్య కర్రతో కెలికి, చీకటి పడేవేళకు ఇల్లు చేరేవాడు. చేతుల్లో ముళ్లు. తల్లి ఏమీ అడగకుండా సూప్ గిన్నె ముందు పెట్టేది. సంతకు పోకుండా ఉండాల్సిందని ఆమె తనను తాను తినేస్తోంది. ఆ ఇంట్లో ఎవరి తప్పు వాళ్లు మూట కట్టుకుని కూర్చున్నారు. ఎలోడియా మూట మాత్రం నిజంగానే గోడకవతల బస్తాలో ఉంది.

ఇల్లు ఖాళీ అయినప్పుడల్లా ఆమె వెనక గదిలోకి దూరేది. స్వెటర్ బయటికి తీసి మొహం దాచుకునేది. మొదట్లో వాడి చెమట, పొగ, అల్పాకా వాసన ఉండేవి. వారాలు గడిచేకొద్దీ చూన్యో వాసన పైకొచ్చి, అన్న వాసన అడుగుకి పోయింది. ఇది కావాలని అన్న తిరుగుతున్నాడు గదా, దీన్ని వెతుక్కుంటూ ఇక్కడికే వస్తాడు గదా, వస్తే కాళ్ల మీద పడదామని ఎదురుచూసింది. వాడు రాలేదు. ఆమెకు కోపం వచ్చింది. చచ్చినవాడి మీద కోపం రావడం ఏమిటని ఇంకా సిగ్గేసింది.

ఏప్రిల్లో బడి తెరిచారు. అందరికీ తెలిసిన ఎలోడియా ఆ బడికి రాలేదు. వచ్చింది ఇంకెవరో. అడిగినదానికి జవాబు చెప్పేది కాదు. టీచరు అన్న సంగతి కదిలించబోతే, నాకు అన్నే లేడు అంది. కార్నివాల్ పావడా ఎక్కడని తోటిపిల్ల అడిగితే పొయ్యిలో పెట్టానంది, నిజంగానే పెట్టింది. ఒక రోజు వెనక బెంచీలో కూర్చునే పిల్ల, మీ అన్న రాత్రుళ్లు కొండ మీద వణుకుతూ అరుస్తున్నాడటగా, మా మామ విన్నాడు అంది. ఎలోడియా ఆ పిల్ల జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టింది. ముక్కు పగిలి నెత్తురు కారింది. కొట్టిన చెయ్యి చూసుకుంటే ఆమెకు కొంచెం హాయిగా అనిపించింది. తర్వాత గోడకు తన తలే కొట్టుకోవాలనిపించింది.

బడి నుంచి పంపించేశారు. ఇంటికొచ్చి, ఉన్ని కత్తిరించే కత్తెరతో తన రెండు జడలూ తనే కత్తిరించుకుంది. మాలో ఆడపిల్ల జడ కత్తిరించుకోవడమంటే మాటలు కాదు. తల్లి చూసి కుప్పకూలింది. ఫెలిపా వచ్చి, గొర్రెను గొరిగినట్టు గొరుక్కున్నావేమే, కనీసం ఆ ఉన్నికి ధరన్నా పలుకుతుందా అంది. నవ్విద్దామని అన్న మాటే. ఎలోడియా ఫెలిపా మొహం మీదే తలుపు వేసింది. దుఃఖం పిల్లను పిచ్చిదాన్ని చేసిందని ఊరంతా జాలిపడింది. ఆ జాలే ఆమెకు అన్నిటికన్నా భరించరానిదైంది. తనను తిట్టేవాళ్లు దొరకాలని ఆమె అందరితో తగవు పెట్టుకునేది. వాళ్లేమో పాపం అన్న పోయిన పిల్ల అని ఊరుకునేవారు. తిట్టాల్సిన సంగతి ఒక్కటీ ఎవరికీ తెలియదు మరి.

తండ్రి మాత్రం తిట్టలేదు, జాలీ పడలేదు. అప్పుడప్పుడూ సూప్ తాగుతూ తల ఎత్తి ఆమె వైపు చూసేవాడు. ఏదో అడగబోయినట్టుండేవాడు. మళ్లీ గిన్నెలోకి చూసుకునేవాడు.

జూన్‌లో మంచు గట్టిపడే రోజుల్లో ఆయన గద్దబండ పక్క నుంచి జారి పడ్డాడు. కాలు మెలిపడి లేవలేక, పొద్దున్నించీ సందెదాకా అక్కడే పడి ఉన్నాడు. ఎవరో మందలు తోలుకొస్తూ చూసి గాడిద మీద వేసి తీసుకొచ్చారు. పెదాలు నీలంగా ఉన్నాయి. పక్క మీద పడుకోబెడుతుంటే కూడా, లోయ అవతలి వైపు చూడలేదు, అక్కడుండొచ్చు అని గొణిగాడు. నాయనమ్మ ఆయన పాదాలు తన ఒళ్లో పెట్టుకుని రుద్దుతూ, ఎవరితోనో చెబుతున్నట్టు అంది.

"ఒక్కడూ తిరగలేక నాయన్ని తోడు పిలుచుకుంటన్నాడు. ఈసారి ఎళ్తే రాడు మీ నాయన."

ఎలోడియా గోడకానుకుని నిలబడి ఆయన నీలి పెదాలు చూసింది. ఇంకొకరు. ఇంకొకరు కూడా తన కడుపునొప్పికే పోతారు. అప్పుడే తల్లి, కొత్త చూన్యో తయారవుతోంది, పాత బస్తాలు దులిపేయాలి అనడం వినబడింది. చెప్పేయాలి. ఇప్పుడే చెప్పేయాలి. పక్క దగ్గరికి వెళ్లి తండ్రి చెయ్యి పట్టుకుంది. నాన్నా అంది. ఆయన కళ్లు తెరిచి ఎదురుచూశాడు. నీళ్లు కావాలా అని అడిగి వచ్చేసింది.

చెప్పలేని మనిషి చేసే పని ఇంకేముంటుంది? ఆయన కాలు నయమవుతుండగా ఒక పొద్దున ఆమె స్వెటర్‌ని పావడా కింద నడుముకు చుట్టుకుని కొండెక్కింది. లోయ అవతలి వైపు, తండ్రి చూడలేదన్న చోట, రెండు రాళ్ల సందులో దూర్చింది. మట్టి రాసింది, తొక్కింది. తొక్కుతుంటే అన్నను తొక్కుతున్నట్టే ఉండి, అక్కడే కూర్చుని చాలాసేపు ఏడ్చింది.

మర్నాడు తండ్రి కర్ర పట్టుకుని బయల్దేరితే, తోడొస్తానని వెంటపడింది. ఆయన ఆశ్చర్యంగా చూశాడు గానీ సరేనన్నాడు. కొండ మీద ఆ మనిషి ఎటు చూడమంటే అటు తప్ప అన్ని వైపులా చూశాడు. రెండు సార్లు ఆ రాళ్ల పక్కనుంచే కుంటుకుంటూ దాటిపోయాడు. ఎలోడియా అటు చూద్దాం నాన్నా, కాదు ఇంకొంచెం ఇటు అంటూ, ఆఖరికి చేత్తో చూపించినంత పని చేసింది.

ఆయనకు ముందు ఎర్ర అంచు కనబడింది. కర్ర పడేసి మోకాళ్ల మీద కూర్చున్నాడు. రాళ్ల మధ్య నుంచి స్వెటర్‌ని నెమ్మదిగా లాగి, మట్టి దులిపి, మొహానికి ఆనించుకున్నాడు. అలాగే ఉండిపోయాడు. నాలుగు నెలలు వానకీ మంచుకీ పడున్న ఉన్ని గట్టిపడి రంగు వెలిసి ఉండాలి. పుట్టినప్పటి నుంచీ ఉన్నితో బతికినవాడికి అది ఎవరూ చెప్పక్కర్లేదు. ఎలోడియా ఆ సంగతి అప్పుడు ఆలోచించలేదు. ఆయన భుజాలు చూస్తూ, ఇప్పుడు తిరుగుతాడు, ఇప్పుడు కొడతాడు అనుకుంది. ఆయన స్వెటర్ మడిచి చంకలో పెట్టుకుని, పద తల్లీ అన్నాడు.

ఊరంతా సంబరపడింది. మళ్లీ ఏటి ఒడ్డుకు చేరారు. ఎండ బాగా కాస్తున్నా నీళ్లు వేళ్లు కొరికేసేంత చల్లగా ఉన్నాయి. ఫెలిపా మోకాళ్ల దాకా దిగి స్వెటర్‌ని నీళ్లలో ముంచి, తన మామూలు ధోరణిలో, ఏరా, పెళ్లి చెయ్యి వేసుకుని ఇన్నాళ్లూ ఎక్కడ పెత్తనాలు వెలగబెట్టావు అంది. పిండుతూ చేతులు తిరగేసింది. ఎర్ర అంచు మడతలోంచి ఏదో రాయిలాంటిది ఆమె అరచేతిలో పడింది. నల్లగా, ముడతలు పడి ఉంది. ఫెలిపా దాన్ని వాసన చూసింది.

"చూన్యో," అంది. "కొండ మీద దొరికినదాన్లో చూన్యో ఎక్కడిది?"

గట్టు మీద మాటలు ఆగిపోయాయి. తల్లి మెల్లగా కూతురి వైపు తిరిగింది. తండ్రి మాత్రం కోకా ఆకు నములుతూ, తల కూడా ఎత్తకుండా జవాబిచ్చాడు.

"నాదే అది. దారిలో తిందామని తీసుకెళ్లా. చంకలో పెట్టుకొచ్చా గదా, అందులో దూరుంటుంది. పారెయ్యి ఫెలిపా."

ఫెలిపా ఆయన వంక, ఎలోడియా వంక చూసింది. నోట్లో నువ్వుగింజ నానని ఆ మనిషి ఆ ఒక్కసారికి నోరు మూసుకుంది. చూన్యో ముక్కను నీళ్లలోకి విసిరేసి ఉతకడంలో పడింది. కాసేపటికి గట్టు మీద మళ్లీ మాటలు మొదలయ్యాయి.

తండ్రికి తెలుసని ఎలోడియాకు అర్థమైంది. ఆయన పక్కన కూర్చుని ఒళ్లు దాచుకోవడానికి చోటు లేనట్టు ముడుచుకుంది. ఆయన సంచిలోంచి ఇంకో రెండు ఆకులు తీసి, ఈనెలు తుంచి, బుగ్గన పెట్టుకున్నాడు. ఏటి వైపే చూస్తూ, ఆమెకు మాత్రమే వినబడేట్టు అడిగాడు.

"కడుపునొప్పి తగ్గిందా తల్లీ?"

ఆమె తల వాలిపోయింది. అబద్ధం చెప్పడానికి ఇక ఒంట్లో శక్తి లేదు.

"నాకు నొప్పి లేదు నాన్నా. ఆ రోజు కూడా లేదు. చలి కూడా లేదు. ఊరికే అన్నా. అన్న తన స్వెటర్ తీసి కప్పాడు."

"నొప్పి లేదని తెలుసు," అన్నాడు ఆయన. "పెరటి తలుపు కాడ వాడే చెప్పాడు. చెల్లికి మబ్బునొప్పి లేచింది నాన్నా, సాయంత్రం ఆట ఉంది గదా, పడుకోనీ అని నవ్వాడు. నేనూ నవ్వా. స్వెటర్ సంగతి మాత్రం తెలవదు. పోంచో కప్పుకున్నాడుగా."

వాడికి తెలుసు. తెలిసే స్వెటర్ విప్పి కప్పాడు. ఇన్ని నెలలూ తను వాడిని మోసం చేసి చంపానని కుమిలింది. మోసం కూడా చేయలేకపోయింది. వాడు ప్రేమతో వెళ్లాడన్నది ఊరటగా లేదు, ఇంకా బరువుగా ఉంది.

"తెలిసి ఇన్నాళ్లూ నన్నెందుకు అడగలేదు?" అంది.

కింద ఫెలిపా స్వెటర్‌ని గడ్డి మీద పరుస్తోంది. ముందు గోధుమరంగు చెయ్యి చాపింది, తర్వాత ఎర్ర అంచు చెయ్యి.

"నిన్నడిగితే, నువ్వు నన్ను అడుగుతావని," అన్నాడు. "అన్నీ తెలిసి పెరట్లో ఉన్న మగోడివి, నువ్వెందుకెళ్లలేదు నాన్నా అని. నాగలికేం తొందరా లేదే అప్పుడు."

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ నీళ్లను తాకకూడని మనుషులు, గట్టు మీద కూర్చుని ఆ స్వెటర్ ఆరేదాకా చూశారు.

ఆచారం ప్రకారం ఉతికిన బట్ట ఉతికినవాళ్లకే పోతుంది. స్వెటర్‌ని ఫెలిపా తన పెద్దకొడుక్కి తొడిగింది, అది మోచేతుల దగ్గర చిరిగేదాకా చాలా ఏళ్లు ఊళ్లో తిరిగింది. ఆ రాత్రి మళ్లీ చల్లిన బూడిదలో అడుగు పడిందని నాయనమ్మ చెప్పింది, ఆమె కళ్లకు ఏం కనబడిందో దేవుడికే తెలియాలి. ఎలోడియా జడలు మళ్లీ పెరిగాయి. కార్నివాల్‌లో మాత్రం ఆడలేదు.

మళ్లీ వానాకాలం వచ్చి మొదటి వాన పడిన రోజున ఆమె పోంచో వేసుకుని పెరటి తలుపు తీసేసరికి, తండ్రి తన పోంచోతో అక్కడ కూర్చుని ఉన్నాడు. ఆ తర్వాత ఆయన కాలు సహకరించినన్నేళ్లూ, వాన పడితే ఇద్దరూ కలిసే ఎక్కారు. ఎవరి వంతని ఒకరినొకరు ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు ఆయన లేడు. ఆయన బట్టలు కూడా ఫెలిపాయే ఉతికింది, ఒక్కటీ తక్కువ కాలేదు. వాన వస్తే ఎలోడియా ఒక్కతే వెళ్తుంది, తన వంతుకీ, ఆయన వంతుకీ.